మాటల ముచ్చట: సొమ్ముతో ‘అబ్‌స్క్వాచ్యులేట్’

ప్రశ్న: పాత అమెరికన్ కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. గుమాస్తా ఒకడు దొంగలెక్కలు రాసి, సొమ్ముతో ‘అబ్‌స్క్వాచ్యులేట్’ అయ్యాడని ఉంది. ఇది లాటిన్ మాటేనా? ‘పరారయ్యాడు’ అంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అర్థం వరకు సరిపోతుంది, నవ్వు మాత్రం పోతుంది. ఇది లాటిన్ వేషం కట్టిన అమెరికన్ మాట. 1830ల నాటి వాడుకలో నవ్వించడానికే పుట్టింది. విడదీసి చూడండి. ‘అబ్’ అంటే లాటిన్‌లో ‘నుంచి, దూరంగా’. పారిపోవడమనే ‘అబ్‌స్కాండ్’లోనూ అదే ఉంది. నడుమ ‘స్క్వాట్’ అచ్చమైన వాడుక మాట: గొంతుక్కూర్చోవడం, పరుల స్థలంలో తిష్ఠ వేయడం. చివర ‘యులేట్’, ‘పెరాంబ్యులేట్’ వంటి పండితుల మాటల నుంచి తెచ్చి తగిలించిన తోక. వెరసి, తిష్ఠ వేసిన చోటు నుంచి లేచి ఉడాయించడం.

ఆ రోజుల్లో ఇలాంటివి చాలా పుట్టాయి. తికమక పెట్టడానికి ‘డిస్కంబాబ్యులేట్’, ఒక్క దెబ్బకు తేల్చేసేదానికి ‘సాక్‌డాలజర్’. ఈ రెండోదాని నుంచి అల్లిన ఒక తిట్టు 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో, నాటకం నడుస్తుండగా నటుడి నోట రాగానే జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల హోరు చూసుకునే హంతకుడు జాన్ విల్క్స్ బూత్, నాటకం చూస్తున్న అమెరికా అధ్యక్షుడు లింకన్‌ను కాల్చాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాటలకు అంత పదును ఉంది.

ఇక తెలుగు. మనకు సరిజోడు ఉండనే ఉంది: ‘పలాయనం చిత్తగించాడు’. చిత్తగించడం రాజులకు వాడే మర్యాద. పిరికిపందకు ఆ మర్యాద చేయడంలోనే హాస్యం. ‘చెక్కేశాడు’ అంటే వేగం వస్తుంది, ఆ పెద్దరికపు వేషం రాదు. ‘లేచిపోయాడు’ అసలే వద్దు, పాఠకుడు వెంటనే ఆడమనిషి ఎవరని వెతుకుతాడు.

మరో జాగ్రత్త. ‘అబ్‌స్క్వాచ్యులేట్’ అకర్మక క్రియ. కదిలింది మనిషి, సొమ్ము అతని వెంట వెళ్లింది. కాబట్టి ‘సొమ్ము కాజేశాడు’ అని తిప్పకండి. కాజేయడం దొంగలెక్కల దగ్గరే అయిపోయింది. ‘సొమ్ముతో సహా పలాయనం చిత్తగించాడు’ అనండి. ఇంగ్లిష్ మాటను పైకి చదివేటప్పుడు ఊనిక ‘స్క్వా’ మీద పడాలి.