కంకషన్ ఎప్పుడూ రాలేదని పిల్లాడు చెప్తే నమ్మొచ్చా?

డాలస్ దగ్గర హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే మీ పదిహేనేళ్ల అబ్బాయి ఫిజికల్ ఫారంలో (ఆటలకి ముందు చేసే వైద్య పరీక్ష ఫారం) కంకషన్, అంటే తలకి దెబ్బ తగిలి మెదడు అదిరి దాని పనితీరు కొంతకాలం దెబ్బతినడం, ఎప్పుడైనా వచ్చిందా అన్న ప్రశ్నకి "లేదు" అని పెట్టాడు, దాన్ని నమ్మొచ్చా అని అడిగారు. నేను టెక్సాస్‌లోనే ఫిజియోథెరపిస్ట్‌ని, మా క్లినిక్‌కి ఆటల్లో దెబ్బలు తగిలిన పిల్లలే ఎక్కువగా వస్తారు. ఆ ఒక్క "లేదు" మీద ఆధారపడకండి. అలాగని మీవాడు అబద్ధం ఆడాడనీ అనుకోవద్దు, తమకి వచ్చింది కంకషన్ అనే చాలామంది పిల్లలకి తెలియదు.

మోకాలి నొప్పితో వచ్చిన ఒక సాకర్ గోల్‌కీపర్ అమ్మాయి ఫారంలో కంకషన్లు సున్నా. నేను ఆ మాట ఎత్తకుండా, "తలకి తగిలాక ఎప్పుడైనా కళ్లు తిరిగాయా, లైటు చూస్తే చిరాకేసిందా, మత్తుగా అనిపించిందా?" అంటే, "ఆ, గోల్‌పోస్ట్‌కి గుద్దుకున్నప్పుడు" అని ఠక్కున చెప్పింది. ఆ రోజు సెకండాఫ్ ఆడిన సంగతే సరిగ్గా గుర్తులేదట, మర్నాడు లెక్కల క్లాసులో బోర్డు మీద అంకెలు కదిలిపోతున్నట్టు కనిపించాయట. స్పృహ తప్పలేదు కదా, అందుకని అది లెక్కలోకి రాదనుకుంది. నిజానికి చాలా కంకషన్లలో స్పృహ తప్పదు, సీటీ స్కాన్‌లో కూడా మామూలుగా ఏమీ కనపడదు. మన ఇళ్లలోనూ అంతే, రక్తం కారకపోతే, బొప్పి కట్టకపోతే అది దెబ్బే కాదంటాం.

మిల్వాకీ ప్రాంతంలో 1,532 మంది హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని సీజన్ అయ్యాక అడిగిన అధ్యయనం ఒకటి 2004లో వచ్చింది. కంకషన్ వచ్చినవాళ్లలో సగం మంది కూడా, అంటే 47.3 శాతమే, అప్పట్లో ఎవరికైనా చెప్పారు. చెప్పనివాళ్లలో మూడింట రెండొంతుల మంది అంత పెద్ద దెబ్బ కాదనుకున్నారు, 41 శాతం మంది ఆటలోంచి తీసేస్తారని ఊరుకున్నారు.

ఆ భయం ఉత్తిదేమీ కాదు. టెక్సాస్‌లో 2011 చట్టం ప్రకారం కంకషన్ అని అనుమానం వచ్చినా పిల్లాడిని వెంటనే ఆటలోంచి తీసేయాలి, డాక్టర్ రాతపూర్వకంగా సరేనన్నాకే మళ్లీ దిగాలి. చట్టం చాలా మంచిది, కానీ నిజం చెప్తే పొజిషన్ పోతుందని పిల్లాడికి ముందే తెలుసు. దెబ్బ తగిలాక పోల్చి చూడటానికి జ్ఞాపకశక్తీ, చురుకుదనం కొలుస్తూ సీజన్ ముందు పెట్టే బేస్‌లైన్ టెస్టులో కావాలనే తక్కువ స్కోరు తెచ్చుకునేవాళ్లూ ఉంటారు, తర్వాత దెబ్బ తగిలినా తేడా బయటపడకూడదని.

అందుకే మీరు "కంకషన్ వచ్చిందా" అని కాకుండా ఒక్కో ఆటా గుర్తుచేస్తూ లక్షణాలు అడగండి. కోచ్ ముందు వద్దు, మ్యాచ్ అయ్యాక కారులో అసలే వద్దు, ఏ ఆదివారమో తీరిగ్గా కూర్చున్నప్పుడు. చెప్పాక తిట్టొద్దు, ఒక్కసారి తిడితే రెండోసారి చెప్పడు. అయితే ఎండలో నీళ్లు తాగక వచ్చే తలనొప్పి కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ప్రతి "అవును"నీ కంకషన్ అని మీరే తేల్చేయకండి, అది డాక్టర్ చూడాలి. ఏదైనా బయటపడితే నెలా, సంవత్సరం రాసుకుని ఫారం సరిచేసి, స్కూల్లో ఆటగాళ్ల దెబ్బలు చూసుకునే అథ్లెటిక్ ట్రైనర్‌కి కూడా చెప్పండి. తలనొప్పో మత్తో ఇప్పటికీ ఉందంటే మాత్రం రేపటి ప్రాక్టీస్‌కి పంపొద్దు. మొదటిది తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు, అది అరుదే అయినా ఎక్కువగా జరిగేది ఈ వయసు పిల్లలకే.