స్క్రీన్ రీడర్ ఇంకా రాలేదన్న తమ్ముడికి

తమ్ముడూ,

ఆఫీసు కంప్యూటర్లో స్క్రీన్ రీడర్ (తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టమని నువ్వడిగితే మేనేజరు "చూద్దాం" అంటున్నాడంటే నీ మాట ఐటీ వాళ్లదాకా వెళ్లలేదన్నమాట. నోటితో అడిగినదానికి టికెట్ నంబరు (ఐటీ వాళ్ల దగ్గర నమోదైన నంబరు) ఉండదు. ఈరోజే మెయిల్ రాసి, మేనేజరుకీ హెచ్ఆర్‌కీ కలిపి పంపు. యూడీఐడీ కార్డో (వికలాంగుల గుర్తింపు కార్డు) సదరం సర్టిఫికెట్టో జతచెయ్యి.

నీ కంటి చరిత్ర రాయక్కర్లేదు. ఏ పని ఎక్కడ ఆగుతోందో, దానికి ఏం కావాలో రాయి. "సాయం కావాలి" అని ఊరుకుంటే పక్కన ఒక మనిషిని కూర్చోబెడతారు. అప్పుడు నీ పని నీది కాకుండా పోతుంది. "శిక్షణ పీడీఎఫ్‌లు స్కాన్ చేసినవి, స్క్రీన్ రీడర్ చదవలేదు, వాటి వర్డ్ ఫైళ్లు ఇవ్వండి", "పోర్టల్లో బటన్లకు పేర్లు లేవు, అన్నీ 'బటన్' అనే వినిపిస్తున్నాయి" అని విడివిడిగా చెప్పు.

ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితమే. కాబట్టి అడ్డుపడేది డబ్బు కాదు, ఐటీ సెక్యూరిటీ అనుమతి. పోర్టబుల్ కాపీతో (ఇన్‌స్టాల్ చేయకుండా నడిచేది) సర్దుకోమంటే ఒప్పుకోకు. అది లాగిన్ స్క్రీన్ దగ్గరా, అడ్మిన్ అనుమతి అడిగే చోటా మూగబోతుంది. పూర్తిగా ఇన్‌స్టాల్ చేయించి, సైన్ ఇన్ స్క్రీన్ నుంచే మొదలయ్యేలా పెట్టించు. రిమోట్ డెస్క్‌టాప్ మీద (అంటే వేరేచోట ఉన్న మెషిన్‌ని నీ తెరమీద తెరిచి) పనైతే ఇంకో చిక్కుంది. ఆ విండోలో ఉన్నదంతా నీ మెషిన్‌కి ఒట్టి బొమ్మ. అవతలి మెషిన్‌లోనూ ఎన్‌వీడీఏ ఉండాలి, దాని ఆడియో నీ హెడ్‌ఫోన్స్‌కి రావాలి. ఈ రెండూ మెయిల్లోనే రాయి. లేదంటే ఇన్‌స్టాల్ చేసి టికెట్ మూసేస్తారు, నీకేమో ఏమీ వినిపించదు.

వారంలో కదలిక లేకపోతే అదే మెయిల్ మీద గుర్తుచెయ్యి. ఈసారి కంపెనీ సమాన అవకాశాల పాలసీ కాపీ అడుగు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థకూ ఆ పాలసీ ఉండాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే వికలాంగ ఉద్యోగుల సదుపాయాలు చూసే లైజన్ ఆఫీసర్ని కూడా పెట్టాలని 2017 రూల్స్ చెబుతున్నాయి. ఆ ఆఫీసర్ని మెయిల్ కాపీలో పెట్టు. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. కానీ మొదటి మెయిల్లోనే సెక్షన్లు ఎత్తకు. ఐటీ వాళ్లతో తేలిపోయే పని లీగల్ వాళ్ల దగ్గరికి పోయి అక్కడే నిలిచిపోతుంది.

నాకు ఎక్కువ బెంగ నీ శిక్షణ పరీక్ష గురించి. అదనపు సమయం, నమూనా పేపరు పరీక్షకు ముందే అడుగు. ఆ నమూనాను పరీక్ష రాయబోయే మెషిన్ మీదే తెరిచి చూడు. క్యాప్చా ఉన్నా, ప్రశ్నలు బొమ్మలుగా ఉన్నా అప్పుడే బయటపడుతుంది. మార్కులు వచ్చాక చెబితే సాకు అనుకుంటారు, ప్రొబేషన్ రిపోర్టులో మార్కులే మిగులుతాయి. నీ మెయిళ్లన్నీ తేదీలతో ఒక ఫోల్డర్‌లో ఉంచు.

మీ అన్నయ్య