తమ్మీ, ఇంజన్ విప్పకముందు నీళ్ల ధార చూడు

తమ్మీ,

పడవ మోటారు కాసేపు నడవగానే కాగిపోతోందని రాశావు, మెకానిక్ ఇంజన్ విప్పాలన్నాడని టెన్షన్ పడుతున్నావు. ఆగు. పడవ వెనక తగిలించే చిన్న అవుట్‌బోర్డు మోటారు వేడెక్కిందంటే ఎక్కువసార్లు తప్పు ఇంజన్‌ది కాదు, నీళ్లది. నీళ్లలో తిరిగే ఫ్యాన్‌కి కాస్త పైనున్న జాలీలోంచి ఇంపెల్లర్, అంటే రబ్బరు రెక్కల చక్రం, నీళ్లు లాగి, పైకి తోసి, ఇంజన్ చుట్టూ తిప్పి బయటికి వదులుతుంది. అందులో కొంచెం వెనక సన్న బొక్కలోంచి ధారగా పడుతుంది. స్టార్ట్ చేయగానే నీ కన్ను దాని మీదే ఉండాలి.

ధార రావట్లేదా, వెంటనే ఆపెయ్. లావుపాటి నైలాన్ దారం బొక్కలోకి పోనిచ్చి కదుపు. షెడ్డులో కొన్నాళ్లు పడున్న మోటారైతే కందిరీగలు అందులో మట్టి పెట్టి ఉంటాయి. తర్వాత జాలీ చూడు. సాగర్ 590 అడుగులు నిండినప్పుడు ఈ బాధ తక్కువ గానీ, ఎండాకాలం బ్యాక్‌వాటర్ దిగిపోయి దేవరకొండ వైపు ఒడ్లన్నీ బురదైనప్పుడు, తక్కువ లోతులో మోటారు దించితే నీళ్లతో పాటు ఒండ్రు, నాచు, కవర్ ముక్కలు అన్నీ లాగేస్తుంది. మనది ఉప్పునీరు కాదు, ఒండ్రే మన శత్రువు.

ఈ రెండూ బాగున్నా ధార రాకపోతే కింద గేరు పెట్టె దింపి ఇంపెల్లర్ తియ్యి. రెక్కలన్నీ ఒక పక్కకి వంగి, వేలితో వదిలినా నిటారుగా లేవకపోతే, మొదట్లో పగుళ్లుంటే పారెయ్. ముక్క విరిగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతుకు, అది పైపులో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా నీళ్లు ఎక్కవు. బిగించేటప్పుడు సబ్బునీళ్లు రాసి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే షాఫ్టు తిప్పుతూ కూర్చోబెట్టు, ఇంపెల్లర్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే ఆ చిన్న కీ పారేసుకోకు. నీళ్ల పైపు సరిగ్గా దాని రబ్బరులో కూర్చుందో లేదో చూసుకో, చాలామంది అక్కడే తప్పుతారు. టెస్టు డ్రమ్ములో చేస్తే జాలీ బాగా మునిగే నీళ్లుండాలి. డ్రై రన్ అయితే బోరు మోటారు ఏమవుతుందో మన నల్లగొండోళ్లకు చెప్పాలా!

ధార బాగానే కొడుతున్నా ఇంజన్ కాగుతోందంటే లెక్క వేరు. థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు, తీసి గిన్నెలో నీళ్లు మరిగిస్తూ అందులో వేలాడదీయి, రకాన్ని బట్టి 50, 60 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి, మూసుకునే ఉంటే మార్చెయ్. అసలు తీసేసి నడపమనేవాళ్లుంటారు, వినకు, ఇంజన్ ఎప్పుడూ చల్లగానే ఉండి ప్లగ్గులు నల్లబడతాయి. టూ స్ట్రోక్ ఇంజన్ అయితే పెట్రోల్‌లో ఆయిల్ తక్కువ కలిపినా కాగుతుంది, కంపెనీ చెప్పిన పాళ్లే కలుపు.

నడి నీళ్లల్లో కాగితే మోటారు ఆపి, పైకి ఎత్తి, జాలీ శుభ్రం చేసి, అదే చల్లారేదాకా కూర్చో. హడావిడిగా బకెట్ నీళ్లు హెడ్డు మీద గుమ్మరించకు, పగులుతుంది. తెడ్డు, లైఫ్ జాకెట్ పడవలో లేకుండా బయల్దేరకు.

ఇంపెల్లర్ తీశాక ఫోటో పంపు. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.