ఆదివారం మాంటెవిడియోలో ఎక్కడ నిలబడాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

దక్షిణ అమెరికా ప్రయాణాల గురించి ప్రశ్నలు పంపమని అడిగినప్పుడు ఉత్తరాలన్నీ మాచు పిచ్చు చుట్టూ, ఇగ్వాసూ జలపాతాల చుట్టూ తిరుగుతాయని అనుకున్నాను. చాలావరకు అలాగే జరిగింది. అయితే ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో గురించి వచ్చిన కొన్ని ఉత్తరాలలో ఒకే ఫిర్యాదు కనిపించడంతో ఈసారి పేజీని ఆ ఒక్క ఊరికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి నిరుడు ఇద్దరు స్నేహితులతో కలిసి, వీపున సంచీ తగిలించుకుని దక్షిణ అమెరికా తిరిగి వచ్చాడు. బ్యూనస్ ఎయిర్స్ హాస్టల్‌లో కలిసిన బ్యాక్‌ప్యాకర్లందరూ మాంటెవిడియోకు ఒక రోజు చాలని, అక్కడ ఏమీ జరగదని చెప్పారట. తీరా వెళ్ళేసరికి ఆదివారం మధ్యాహ్నం అంగళ్ళన్నీ మూసి ఉన్నాయి, వీధిలో మనిషి కనబడలేదు. మర్నాడే బయలుదేరి వచ్చేశారు. ఇప్పుడు మా అమ్మాయి వెళతానంటోంది. ఎన్ని రోజులు ఉండమని చెప్పాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పినది నిజమే, కాని ఆయన ఆదివారంనాడు ఊరిలో ఉండకూడని చోట నిలబడ్డారు. హాస్టళ్ళు ఎక్కువగా ఉండే పాతబస్తీని అక్కడివారు సియుదాద్ వియేహా అంటారు. అది బ్యాంకులు, కార్యాలయాలు, ఓడరేవు ఉన్న ప్రాంతం కాబట్టి శనివారం మధ్యాహ్నం నుంచే ఖాళీ అయిపోతుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కూడా ఆ వీధులలోనే రెండు గంటలు తిరిగి, ఊరికి ఏదో సెలవు ప్రకటించారేమో అనుకున్నాను. అదే రోజు ఉదయం, అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో, 18 దె హూలియో అనే ప్రధాన రహదారిని ఆనుకుని ఉన్న త్రిస్తాన్ నర్వాహా వీధిలో సంత జరుగుతూ ఉంటుంది. కూరగాయలు, పాత పుస్తకాలు, తుప్పు పట్టిన తాళాలు, గ్రామఫోన్ రికార్డులు, పంజరంలో పిట్టలు, ఒంటి చెప్పుతో సహా అమ్మని వస్తువు ఉండదు. సంత ఆ ఒక్క వీధితో ఆగకుండా పక్క సందులలోకి కూడా పాకుతుంది. మధ్యాహ్నం దాటాక దుకాణాలు ఎత్తేస్తారు కనుక పొద్దున్నే వెళ్ళాలి.

ఇక సాయంకాలం బారియో సుర్, పలెర్మో పేటలకు వెళ్ళాలి. అక్కడ వీధి మూల మీద చిన్న మంట వేసి, దాని చుట్టూ డోళ్ళను వాల్చి పెట్టి ఉంటారు. మన పల్లెల్లో డప్పు కాచడం చూసినవారికి ఇందులో వివరించవలసినది ఏమీ లేదు: తోలు బిగిసి స్వరం పైకి రావడానికే అక్కడా ఆ మంట. చీకో, రెపీకే, పియానో అనే మూడు రకాల డోళ్ళను భుజానికి తగిలించుకుని, ఒక చేత్తో కర్ర, మరో చేయి ఉత్తదిగా ఉంచి వాయిస్తూ వీధి పొడవునా నడుస్తారు. ఈ వాద్యానికి, దాని వెంట సాగే నాట్యానికి కాందోంబే అని పేరు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల సంతతి నిలుపుకున్న కళ ఇది. సైనిక నియంతృత్వ కాలంలో, 1978 డిసెంబరులో, ఈ కళాకారుల కుటుంబాలు తరతరాలుగా కాపురమున్న మెదియో ముందో అనే ఉమ్మడి నివాసాన్ని ఖాళీ చేయించి కూల్చివేశారు. ఆ ఖాళీ చేయించిన డిసెంబరు 3వ తేదీనే ఇప్పుడు జాతీయ కాందోంబే దినంగా జరుపుకుంటున్నారు. 2009లో యునెస్కో ఈ కళను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి తీసుకుంది. అయితే ఆదివారం సాయంత్రం డోళ్ళ వెంట నడిచేవారిలో యాత్రికుల కోసం నడిచేవారు తక్కువ. టిక్కెట్టు లేదు, వేదిక లేదు, ప్రారంభ సమయం కూడా గట్టిగా ఉండదు. ఇందువల్లనే ఒక రోజు మాత్రమే ఉండి వెళ్ళేవారికి ఈ ఊరు మూగదిగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

నిశ్శబ్దానికి ఇంకో కారణం లెక్కలలో ఉంది. ఉరుగ్వే జనాభా దాదాపు 35 లక్షలు, అంటే మన హైదరాబాద్‌లో సగం కూడా కాదు. అందులో సుమారు 13 లక్షల మంది మాంటెవిడియోలోనే ఉంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి గొడ్డుమాంసం, ఉన్ని ఎగుమతులతో వచ్చిన డబ్బుతో, ఇటలీ, స్పెయిన్‌ల నుంచి వలస వచ్చిన మనుషులతో ఈ నగరం తనకు మించిన భవనాలు కట్టుకుంది. 1928లో పూర్తయిన పలాసియో సాల్వో అనే వింత గోపురం వాటన్నింటిలోకి పేరు పొందినది. గత శతాబ్దం మధ్యలో ఆ రాబడి తగ్గి ఊరి ఎదుగుదల మందగించడంతో కొత్త కట్టడాలకు చోటివ్వడానికి పాతవాటిని కూల్చే తొందర కూడా తగ్గింది. పెచ్చులూడిన ఆ ముఖభాగాలను చూసి కొందరు బ్యాక్‌ప్యాకర్లు "దిగాలుగా ఉంది" అంటారు; నాకు మాత్రం ఆ ఊరు తన వయసు దాచుకోవడం లేదని అనిపించింది.

మీ అమ్మాయిని నాలుగు రోజులు ఉండమనండి, ఆ నాలుగింటిలో ఒకటి తప్పకుండా ఆదివారం కావాలి. ఫుట్‌బాల్ ఇష్టమైతే, 1930లో మొదటి ప్రపంచ కప్ ఫైనల్‌లో ఉరుగ్వే 4–2 తేడాతో అర్జెంటీనాను ఓడించిన సెంతెనారియో స్టేడియం చూడవచ్చు. పుంతా కర్రేతాస్‌లోని షాపింగ్ మాల్‌లో కొనుక్కోవడానికి ప్రత్యేకంగా ఏమీ లేకపోయినా ఒకసారి లోపలికి వెళ్ళి రావాలి. ఎందుకంటే అది ఒకప్పటి జైలు. 1971 సెప్టెంబరులో వందమందికి పైగా ఖైదీలు సొరంగం తవ్వి అందులోంచి పారిపోయారు. వారిలో ఒకరైన హోసే ముహీకా 2010 నుంచి 2015 వరకు ఆ దేశానికి అధ్యక్షులుగా ఉన్నారు. జైలు తలుపుల స్థానంలో ఇప్పుడు చెప్పుల దుకాణాలున్నాయి.

ప్రశ్న: ఫోటోలలో మాంటెవిడియో తీరం చూశాను. నీళ్ళు గోదావరి వరదనీళ్ళలా గోధుమ రంగులో ఉన్నాయి. అది సముద్రమా, నదా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఈ ప్రశ్న గోదావరి ఒడ్డు నుంచి రావడం సబబుగానే ఉంది. అది రియో దె లా ప్లాతా. పరానా, ఉరుగ్వే నదులు కలిసి అట్లాంటిక్‌లో పడే ముఖద్వారం. ముఖద్వారమంటే మన ఊహకు అందేది కాదు, సముద్రం వైపు దాని వెడల్పు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఎర్రటి ఒండ్రు మోసుకొచ్చే పరానా వల్లనే ఆ రంగు. గాలి, సముద్రపు పోటు మారినప్పుడు ఉప్పునీరు లోపలికి వచ్చి కొన్నిసార్లు రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది. మాంటెవిడియోలో స్థానికులు నదిని కూడా "సముద్రం" అనే అంటారు, మనం దిద్దవలసిన పని లేదు.

తీరం వెంట 22 కిలోమీటర్లకు పైగా సాగే విశాలమైన దారిని రాంబ్లా అంటారు. అందులో ఒక భాగానికి మహాత్మా గాంధీ పేరు పెట్టారు. రోజూ పొద్దుగూకే వేళకు ఊరు ఊరంతా కుర్చీలు మోసుకుని అక్కడికి చేరుతుంది. కొందరు గాలం వేస్తారు, కొందరు పరుగెత్తుతారు, చాలామంది ఊరకే కూర్చుంటారు. ఫిబ్రవరి 2న వెళ్ళగలిగితే రమీరెస్ బీచ్‌కు వెళ్ళండి: ఆఫ్రికా మూలాలున్న యెమాంజా అనే జలదేవతకు పూలు, పుచ్చకాయలు, కొవ్వొత్తులు పెట్టిన చిన్న పడవలను నీళ్ళలో వదులుతారు. కార్తీక మాసంలో అరటి దొప్పల్లో దీపాలు వదిలే ఊరివారికి ఆ దృశ్యం కొత్తగా తోచదు.

ప్రశ్న: అక్కడ ప్రతివారూ చంకలో ఫ్లాస్కు పెట్టుకుని తిరుగుతారని విన్నాను. అందులో ఏముంటుంది? అపరిచితులు ఇస్తే తాగవచ్చా? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఫ్లాస్కులో వేడినీళ్ళు ఉంటాయి, మరుగుతున్నవి కాదు. ఎండు సొరబుర్రలో యెర్బా అనే ఆకుపొడి నింపి, కొద్దికొద్దిగా ఆ నీళ్ళు పోస్తూ లోహపు గొట్టంతో పీలుస్తారు. దానిని మాతే అంటారు. చేదుగా ఉంటుంది, ఉరుగ్వేలో చాలామంది చక్కెర కలపరు. ఆకు చాలావరకు బ్రెజిల్ నుంచే దిగుమతి అవుతుంది. ఒకే బుర్ర, ఒకే గొట్టం చేతులు మారుతూ తిరుగుతాయి కనుక ఎంగిలి పట్టింపు ఉన్నవారికి ఇబ్బందే. నవ్వుతూ వద్దంటే ఎవరూ నొచ్చుకోరు. తాగదలచుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, గొట్టాన్ని కదిలించకూడదు, కదిలిస్తే పొడి లోపలికి వచ్చి అడ్డుపడుతుంది. రెండవది, బుర్ర తిరిగి ఇచ్చేటప్పుడు "గ్రాసియాస్" అంటే ధన్యవాదం చెప్పినట్టు కాదు, ఇక చాలని విస్తరాకు మడిచినట్టు. మర్యాదకని మొదటి గుక్కకే ఆ మాట అనేసి, ఆ తరువాత బుర్ర తమను దాటుకుని ఎందుకు వెళ్ళిపోతోందో తెలియక చూసే విదేశీయులు ప్రతి హాస్టల్‌లోనూ ఉంటారు.

ప్రశ్న: మేము శాకాహారులం. మనుషుల కంటే పశువులు ఎక్కువగా ఉన్న దేశంలో మాకు తిండి దొరుకుతుందా? – దంపతులు, తిరుపతి

జవాబు: మనిషికి మూడు పశువుల పైమాటే, నిజమే. 1868లో తెరిచిన పాత ఓడరేవు మార్కెట్ మెర్కాదో దెల్ పువెర్తోలో నిప్పుల మీద మాంసం కాలుతుంటే వచ్చే పొగ బట్టలకు పట్టుకుంటుంది, మీరు బయటి నుంచే ఇనుప కప్పును చూసి వెనుదిరగవచ్చు. జాతీయ వంటకమని చెప్పుకునే చివీతో కూడా గొడ్డుమాంసం పెట్టిన శాండ్‌విచ్చే. కాని ఇటలీ వలసదారుల పుణ్యమా అని పిజ్జా దుకాణాలు అడుగడుగునా ఉంటాయి. అక్కడ ఫైనా అని అడగండి: సెనగపిండి, నూనె, ఉప్పు, నీళ్ళు కలిపి పెద్ద పళ్ళెంలో పొయ్యిలో కాల్చిన రొట్టె, పైన మిరియాల పొడి. సెనగపిండి అట్టు తిన్న నోటికి అది వెంటనే పరిచయమవుతుంది. పిజ్జా ముక్క మీద ఫైనా ముక్కను ఎక్కించి తినడం అక్కడి అలవాటు. పాలకూర కూరిన పాస్కుయలీనా కూడా దొరుకుతుంది, అయితే అందులో గుడ్డు ఉంటుంది కనుక అడిగి తెలుసుకోవాలి. నెలలో 29వ తేదీన ఉంటే న్యోకీ తినండి. బంగాళాదుంపతో చేసే ఆ ముద్దల పళ్ళెం కింద అదృష్టం కోసం ఒక నోటు పెట్టి తింటారు. ఖర్చు మాత్రం ఎక్కువే. దక్షిణ అమెరికాలో ఖరీదైన దేశాలలో ఉరుగ్వే ఒకటి, అందుకే బ్యాక్‌ప్యాకర్లు హాస్టల్ వంటింట్లో వండుకోవడానికి మొగ్గు చూపుతారు.

ప్రశ్న: ఎప్పుడు వెళ్ళాలి? వీసా, టీకాల సంగతి ఏమిటి? ఆడపిల్ల ఒంటరిగా తిరగవచ్చా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రుతువులు మనకు తలకిందులు. డిసెంబరు నుంచి మార్చి వరకు వేసవి, జూలైలో చలి, దానికి తోడు ఎముకలు కొరికే గాలి. వేసవి చివర మార్చి మంచిది. ఈస్టర్ ముందు వారంలో మాత్రం ఊరు ఖాళీ అవుతుంది. మతాన్ని ప్రభుత్వం నుంచి వేరు చేసిన ఆ దేశంలో 1919 నుంచి క్రిస్మస్‌ను కుటుంబ దినమని, ఈస్టర్ వారాన్ని పర్యాటక వారమని వ్యవహరిస్తారు. పేరుకు తగ్గట్టే ఆ వారం అందరూ ఊళ్ళు తిరగడానికి పోతారు.

భారతీయ పాస్‌పోర్టుకు వీసా కావాలి. ఢిల్లీలోని ఉరుగ్వే రాయబార కార్యాలయాన్ని ముందుగా సంప్రదించండి. బ్యూనస్ ఎయిర్స్ నుంచి ఫెర్రీలో నదిని దాటడమంటే దేశ సరిహద్దు దాటడమే, తిరిగి అటే రావాలంటే అర్జెంటీనా వీసా రెండోసారి ప్రవేశానికి కూడా చెల్లాలి. అర్జెంటీనా, బ్రెజిల్ వంటి పచ్చజ్వరం ముప్పున్న దేశాల నుంచి ఆరు రోజులలోపు భారత్‌కు వచ్చేవారు టీకా పత్రం చూపాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఆ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజులకు గాని పత్రం చెల్లదు కాబట్టి ఆలస్యం చేయవద్దు.

పగలు నిశ్చింతగా తిరగవచ్చు. పాతబస్తీలోనే, ముఖ్యంగా రేవు వైపు సందులలో, చీకటి పడ్డాక ఒంటరిగా నడవడం మంచిది కాదు. యాత్రికులు మెచ్చుకునే ఆ నిశ్శబ్దం రాత్రి తొమ్మిది తరువాత వారికి అనుకూలం కాదు. బస కోసం పోసితోస్ లేదా పార్కే రోదో వైపు చూడండి. రెండూ రాంబ్లాకు దగ్గరే, ఆదివారం రాత్రి కూడా వీధిలో మనుషులుంటారు.