ఆర్డునోలో అన్నిటికీ ‘ఇంట్’ రాస్తే సరిపోదా? మా బోరు మోటరు నేర్పిన పాఠం

ఆర్డునో ప్రోగ్రామ్‌లో అన్ని వేరియబుల్స్‌కీ (విలువలు దాచే పేర్లకు) ఇంట్ (పూర్ణాంకాల టైప్) అనే రాస్తున్నాను, కాన్‌స్ట్ (విలువ మారకుండా కట్టేసే మాట) పెట్టకపోయినా ప్రోగ్రామ్ నడుస్తోంది, మరి ఇబ్బంది ఏంటి అని ఒకరు అడిగారు. నా మోటరు టైమర్ ప్రోగ్రామ్ కూడా ఇంటి దగ్గర టేబుల్ మీద పది సెకన్ల టైమ్ పెట్టి చూస్తే బాగానే నడిచింది. తోటలో బిగించాకే అసలు సంగతి తెలిసింది.

మాది నల్గొండ పక్కన ఊరు. బత్తాయి తోటకు ఉన్నది ఒక్కటే బోరు. ఎండాకాలం ఇరవై నిమిషాలు పోసి ఆగిపోతుంది, అరగంట వదిలేస్తే మళ్లీ నీళ్లు ఊరతాయి. బాపు రాత్రిళ్లు లేచి స్టార్టర్ దగ్గరికి పోయే బాధ తప్పించాలని ఆర్డునో ఊనో (ఆర్3) అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో టైమర్ చేశాను. మొదటి రోజే బాపు ఫోన్ చేశాడు: "అరే, మోటరు ఆగంగనే మళ్ల నడుస్తుందిరా!" బోరులో నీళ్లు లేకుండా తిరిగితే మోటరు కాలిపోతుంది. చాలా టెన్షన్ పడ్డాను.

తప్పు ఒక్క లైన్‌లో ఉంది. మోటరు ఆగి ఉండాల్సిన టైమ్‌కి గ్యాప్ అని పేరు పెట్టి, ఆ ఇంట్‌లో 30 * 60 * 1000 అని రాశాను. అంటే 18 లక్షల మిల్లీసెకన్లు. ఊనోలో ఇంట్‌కి ఉండేది రెండు బైట్లే, 32,767 దాటితే పట్టదు. రెండు బైట్లలో పట్టే విలువలు మొత్తం 65,536, దాటితే లెక్క మళ్లీ చుట్టు తిరుగుతుంది. అందుకే 18 లక్షల్లోంచి 65,536 చొప్పున 27 సార్లు తీసేస్తే 30,528 మిగులుతుంది. అరగంట కాస్తా ముప్పై సెకన్లయింది!

గ్యాప్‌ని అన్‌సైన్డ్ లాంగ్ (నాలుగు బైట్ల, మైనస్ లేని పెద్ద టైప్) అని మార్చాను. అయినా అదే తప్పు. ఎందుకంటే కుడివైపు ఉన్నవన్నీ చిన్న అంకెలే కాబట్టి గుణకారం ఇంట్‌లోనే జరిగిపోతుంది, చెడిపోయిన జవాబే పెద్ద డబ్బాలో పడుతుంది. 30 పక్కనే యూ, ఎల్ అక్షరాలు చేర్చాక సరిగ్గా వచ్చింది. ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డులో ఇంట్ నాలుగు బైట్లు, అందుకే దానికి రాసిన కోడ్‌ని ఊనోలో వేస్తే ఇలాంటివి బయటపడతాయి. ఆర్డునో సాఫ్ట్‌వేర్ ప్రిఫరెన్సెస్‌లో కంపైలర్ వార్నింగ్స్ ‘ఆల్’ అని పెట్టుకోండి. నాది ‘నన్’ మీద ఉండి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇక కాన్‌స్ట్. రిలే (మోటరును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పిన్ నంబరు, నడిచే టైమ్, గ్యాప్ మధ్యలో మారకూడదు. ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు పొరపాటున ఒకటే కొడితే మామూలు వేరియబుల్ విలువ చప్పుడు లేకుండా మారిపోతుంది. కాన్‌స్ట్ ఉంటే కంపైల్ అవ్వదు, అక్కడే దొరికిపోతుంది. పైగా వానాకాలం టైమ్ మార్చాలంటే పైన ఒక్కచోట మారిస్తే చాలు. విలువకు పేరు పెట్టడానికి డిఫైన్ కూడా వాడతారు కానీ నేను కాన్‌స్టే వాడమంటాను, దానికి టైప్ ఉంటుంది.

పిన్ నంబర్లకు బైట్ చాలు, 255 వరకు పడుతుంది. ఊనోలో ర్యామ్ మొత్తం 2,048 బైట్లే మరి.

మిల్లిస్ (బోర్డు ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క) విలువ దాచే వేరియబుల్ మాత్రం తప్పకుండా అన్‌సైన్డ్ లాంగ్ పెట్టండి. అది కూడా దాదాపు 50 రోజులకు మళ్లీ సున్నాకి వస్తుంది. ఇప్పటి టైమ్‌లోంచి మొదలైన టైమ్ తీసేసి, వచ్చినదాన్ని గ్యాప్‌తో పోల్చండి. అలా రాస్తే సున్నాకి వచ్చిన రోజు కూడా లెక్క తప్పదు. మా మోటరు ఇప్పుడు అలాగే నడుస్తోంది.