ఇరాన్‌లోని నిషాపూర్ మట్టి పాత్రల మీది అరబ్బీ రాతలు రక్షామంత్రాలేనా?

మంత్రాలు కావండీ. మీరు ఫోటో పెట్టి అడిగిన తెల్ల గిన్నె, అంచు చుట్టూ నల్లటి అక్షరాలున్నది, పదో శతాబ్దంలో తూర్పు ఇరాన్, మధ్య ఆసియాలను ఏలిన సామానిద్ వంశం కాలం తరహాది. అలాంటివి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. 1935లో నిషాపూర్‌లో తవ్వకాలు మొదలుపెట్టింది వాళ్లే. మేం ఉండేది న్యూజెర్సీ కాబట్టి ఊరి నుంచి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తుంటాను. మా బావగారు కూడా "ఏంటిది, తాయెత్తు లాంటిదా?" అనే అడిగారు.

అక్కడొక పెద్ద గిన్నె ఉంది, వెడల్పు దాదాపు 45 సెంటీమీటర్లు. మట్టిరంగు కనబడకుండా తెల్లటి పూత, దాని మీద కూఫీ లిపి, అంటే అరబ్బీని కోణాలు కోణాలుగా రాసే పాత పద్ధతి. నిలువు గీతలన్నీ సాగి గిన్నె నడిమికి చూస్తుంటాయి. అర్థం: పనికి ముందు ఆలోచించుకుంటే తరవాత పశ్చాత్తాపం ఉండదు, కలిమి, క్షేమం కలుగుగాక. అంటే నీతి ఒకటి, దీవెన ఒకటి. మిగతావాటి మీదా ఇదే వరస: "బరకా" అంటూ శుభం కోరడం, దానగుణం స్వర్గవాసుల గుణమని చెప్పడం, హాయిగా తినమనడం. ఖురాన్ వాక్యాలు మాత్రం దాదాపు కనిపించవు. కూర వడ్డించుకునే గిన్నెలో ఎవరు రాయిస్తారు లెండి!

రక్ష కోసమే రాసినవి చూడాలంటే ఇంకాస్త వెనక్కి, ఇరాక్‌కి వెళ్లాలి. అక్కడి ప్రాచీన నగరం నిప్పూర్‌లో దొరికిన అయిదు నుంచి ఎనిమిదో శతాబ్దం నాటి మంత్రపు గిన్నెలు ఫిలడెల్ఫియాలోని పెన్ మ్యూజియంలో ఉన్నాయి. లోపలంతా సిరాతో అరామిక్ (ఆ కాలంలో అక్కడ వాడిన భాష) రాత, చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. కొన్నిటి నడుమ సంకెళ్లు వేసిన దయ్యం బొమ్మ. వీటిని గడప కింద, ఇంటి మూలల్లో బోర్లించి పాతిపెట్టేవాళ్లు, మనవాళ్లు గడప కింద రాగిరేకు యంత్రం పెట్టినట్టే. ఇంటివాళ్ల పేర్లు కూడా రాసేవారు, అదీ తండ్రి పేరుతో కాదు, ఫలానా తల్లి బిడ్డ అని.

కాబట్టి అక్షరాల కంటే ముందు గిన్నె ఎక్కడ దొరికిందో అడగండి. వడ్డనలో వాడిందైతే దాని మాట తినేవాడితో, పాతిపెట్టిందైతే దయ్యంతో. అన్నట్టు, కొన్ని మంత్రపు గిన్నెల్లో అసలు అక్షరాలే లేవు, అక్షరాల్లా కనిపించే గీతలంతే. కొనుక్కున్నవాళ్లకి చదవడం రాక చెల్లిపోయుంటుంది. దయ్యానికి వచ్చో రాదో ఎవరు చూడొచ్చారు!