బాబు చిన్నవాడని పెద్ద రైడ్లు మానుకోనక్కర్లేదండీ

అమెరికాలోని ఓర్లాండో దగ్గరున్న డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రెండేళ్ల బాబు వల్ల ఐదేళ్ల పాప సరదా పోతుందేమోనని మీ టెన్షన్. అక్కడ రైడర్ స్విచ్ అనే సదుపాయం ఉంది. లైన్ మొదట్లో ఉండే సిబ్బందికి ముందే చెప్పండి. మీరు పాపతో ఎక్కి వచ్చేదాకా మీవారు బాబు దగ్గర ఉంటారు, తర్వాత ఆయన మామూలు లైన్లో మళ్లీ నిలబడక్కర్లేదు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అనే రోలర్ కోస్టర్‌కి 38 అంగుళాల ఎత్తుండాలి. పాపను ఇంట్లోనే కొలిచి చూడండి, అక్కడిదాకా వెళ్లాక కాదంటే పసిమనసు చాలా నొచ్చుకుంటుంది.

మూడేళ్లలోపు బాబుకి టికెట్ అక్కర్లేదు. మధ్యాహ్నం ఎండలో మాత్రం పిల్లల్ని తిప్పకండి, దయచేసి. బేబీ కేర్ సెంటర్‌లో పాలిచ్చేందుకు, డైపర్ మార్చేందుకు చోటుంది. పెరుగన్నం డబ్బా తీసుకెళ్లొచ్చు, గాజుది కాకపోతే చాలు. డంబో అనే ఎగిరే ఏనుగుల రైడ్‌కి ఎత్తు నిబంధన లేదు, బాబునీ ఎక్కించండి.